లేసినంక ఏం జేసినవ్?

మొన్న సాయంత్రం ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే మా కంపెనీ ప్యాకింగ్ సూపర్‌వైజరు తనకొచ్చిన కల చెప్పాడు. నోట్లో పళ్లన్నీ ఊడి చేతిలో పడ్డాయట. ఫోన్లో వెతికితే మూడు అర్థాలు దొరికాయట. ఇంట్లో ఎవరో పోతారు, అనుకోని అదృష్టం పడుతుంది, ఒంట్లో కాల్షియం తక్కువ. మూడింట్లో దేన్ని ఖాయం చేసుకోవాలో తేలక నా మీద పడ్డాడు.

"సార్, మీరు చర్చికి పోతరు గద. మీ దాంట్ల పండ్లూడితె ఏమంటరు?"

నవ్వొచ్చింది. మా దాంట్లో ఏమంటారో నాకు తెలియదు గాని, మా పెద్దమ్మ ఏమడిగేదో తెలుసు. ఆ ప్రశ్న నోటిదాకా వచ్చింది కూడా. రద్దీలో మెట్రో వచ్చేసింది, ఆయన ఒక పెట్టెలోకీ నేనొక పెట్టెలోకీ ఎక్కాం.

పెద్దమ్మ అంటే నాకు వరసైన పెద్దమ్మ కాదు. నాచారంలో మా చర్చికి వచ్చేవాళ్లందరికీ ఆమె పెద్దమ్మే, పాస్టరు గారితో సహా. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మసాలాల కంపెనీలో చాలా ఏళ్లు ప్యాకింగు చేసి మానేసింది. మానేశాక కూడా ఆమె ఒంటిని ధనియాల వాసన వదల్లేదు. కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నా, ఆమె వచ్చి వెనక కూర్చున్న సంగతి ముక్కుకు తెలిసిపోయేది. ఆమె భర్త ఎవరో, ఏ ఊరి నుంచి వచ్చిందో నాకు సరిగా తెలియదు. అడగడానికి సందు దొరికేది కాదు. ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లమంతా మా సంగతులు చెప్పుకోవడానికే వెళ్లేవాళ్లం.

మా చర్చి పైపులూ ఇనుప రేకులూ అమ్మే దుకాణం మీది అంతస్తులో ఉంటుంది. కింద లోడు దించుతుంటే పైన పాట ఒక చరణం ఆగుతుంది. అలాంటి చర్చిలో కలలకు మాత్రం ఏ రోజూ కొదవ లేదు. ఆదివారం సాక్ష్యాల సమయం రాగానే ఎవరో ఒకరు లేచి, ప్రభువు తనకు కలలో చూపించాడని మొదలుపెట్టేవారు. చిత్రమేమిటంటే, ఎవరి కలలోనూ వాళ్లు చెయ్యాల్సిన పని ఉండేది కాదు. కోడలికి వచ్చిన కలలో అత్త మారుమనస్సు పొందాలి. అత్తకు వచ్చిన కలలో కోడలు పొద్దున్నే లేవాలి. దేవుడు అందరికీ పక్కవాళ్ల గురించే చెబుతున్నాడన్నమాట.

ఈ కలలన్నీ ఆదివారానికి ముందే శనివారం మధ్యాహ్నం పెద్దమ్మ దగ్గర ఒకసారి విచారణకు వచ్చేవి. ఆదివారం ఆరాధన తర్వాత అందరికీ పప్పూ అన్నం వండేది ఆమే. అందుకని శనివారం చర్చి వెనక మెట్ల దగ్గర పుంటికూర, అంటే గోంగూర, కట్టలు ముందేసుకుని కూర్చునేది. అదే రోజు ఉపవాస ప్రార్థన. కల చెప్పుకోవడానికి వచ్చినవాళ్ల ఒళ్లో ఒక కట్ట పడేసి, "తెంపుకుంట జెప్పు" అనేది. కల పొడుగ్గా సాగితే రెండో కట్ట వచ్చేది. ఖాళీ కడుపుతో, రేపటి పప్పులోకి ఆకు తెంపుతూ, ఆకాశంలో కనిపించిన రథాలను వర్ణించడం కష్టం. చాలా కలలు సగం కట్టకే అయిపోయేవి.

వినేటప్పుడు ఆమె మన మొహం చూసేది కాదు. కళ్లజోడు కాడ ఒకటి విరిగితే దారం కట్టి చెవికి తగిలించుకుంది. అది జారినప్పుడల్లా భుజంతో పైకి నెట్టుకునేది. చేతులు ఆకుల్లోనే ఉండేవి. అంతా విని ఒకటే అడిగేది.

"లేసినంక ఏం జేసినవ్?"

కల గురించి అడుగుతుందనుకుని వచ్చినవాళ్లు తెల్లమొహం వేసేవారు.

"ఏం జేస్త పెద్దమ్మా. మొకం కడుక్కున్న, చాయ్ తాగిన."

"గంతేనా?"

"గంతే."

"అట్లయితె గది నీ కడుపుల కెల్లి వచ్చిన కల. రాత్రి ఏం దిన్నవ్?"

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని ఎవరైనా అంటే ఆమెకు మహా కోపం. "తెల్లారంగ అందరికొస్తయ్. నీళ్లు దాగి పండుకుంటవ్, లేసి పోబుద్ధి గాదు, కలలు గంటవ్" అని తీసిపారేసేది. ఆమె లెక్కలో కడుపులోంచి వచ్చే కలలున్నాయి, భయంలోంచి వచ్చేవి ఉన్నాయి, ఆశలోంచి వచ్చేవి ఉన్నాయి. అవన్నీ మనవి. దేవుడిచ్చేది ఎప్పుడో ఒకటి. దాన్ని పట్టుకోవడానికి ఆమె దగ్గర ఉన్న పరీక్ష కూడా ఒక్కటే. "నీ నెత్తి మీద కిరీటం పెట్టే కల నీది బిడ్డా. నీ నెత్తి మీద పని పెట్టేది ఆయనది."

నేను మందుల కంపెనీలో క్వాలిటీ చూసేవాణ్ని. శాంపిలు తీయడం, పరీక్షించడం, పాసో ఫెయిలో రాసెయ్యడం నా ఉద్యోగం. కాబట్టి ఆ పద్ధతి నాకు వెంటనే నచ్చింది. మనిషి నచ్చడానికి కొంత కాలం పట్టింది. ఎందుకంటే ప్రసంగం మొదలవగానే ఆమె నిద్రపోయేది. దొంగచాటుగా కాదు, గోడకు ఒరిగి, నోరు తెరిచి, గురకతో. ఒకసారి పాస్టరు గారు ప్రసంగం ఆపి, "పెద్దమ్మా, వాక్యం చెబుతుంటే నిద్రేమిటమ్మా?" అన్నారు. ఆమె కళ్లు తెరవకుండానే, "దేవుడు నిద్రల మాట్లాడ్తడని మీరే అంటిరి గదయ్యా" అంది. ఏం మాట్లాడాడని ఆయన అడిగితే, "నాకేడియి కలలు. పొద్దుందాక పన్జేసినోళ్లు పండుకుంటె సచ్చినట్టే" అని మళ్లీ ఒరిగింది.

వాక్యంలోంచి ఆమె ఎప్పుడూ ఇద్దరి సంగతే ఎత్తేది, ఇద్దరినీ పేరు పెట్టి పిలవకుండా. ఒకరు ప్రభువు తల్లి మరియమ్మ పెనిమిటి. ఆయన్ని 'వడ్లాయన' అనేది, మా ఉప్పల్లో కర్రపని చేసే వడ్లాయన్ను అన్నంత మామూలుగా. "అన్నిసార్లు కలొస్తె ఒక్కనాడన్న ఎవ్వలికన్న చెప్పిండా? నోరిప్పలే. లేసిండు, తల్లిని పిలగాన్ని ఎంట వెట్టుకుని నడిసిండు." రెండోవాడు, అన్నలు గుంటలో పడేసిన తమ్ముడు. అతనంటే ఆమెకు ప్రేమే గాని, తప్పు మాత్రం అతని మీదే పెట్టేది. "కలొచ్చినందుకు తోసిన్రా? కాదు. పోయి అన్నలకు జెప్పినందుకు తోసిన్రు."

ఆమె పద్ధతి ఎంత దూరం పోయేదో తెలియాలంటే లేతు మిషను సంగతి చెప్పాలి. చిల్కానగర్ నుంచి వచ్చే ఒకాయన, తోటి విశ్వాసి ఒకాయన్ను కలలో తెల్లబట్టల్లో శవంలా పడుకుని ఉండగా చూశాడు. లేవగానే ఫోన్ చేసి ఆయనకే చెప్పాడు. ఆ మనిషి లేతు మిషను మీద పనిచేసేవాడు. ఇంక మిషను ముట్టుకోనని ఇంట్లో కూర్చుని, నాలుగు రోజులు ఒకటే ప్రార్థన. ఐదో రోజు కంపెనీ వాళ్లు మనిషిని పంపారు, పనికి రాకపోతే వేరేవాణ్ని చూసుకుంటామని. అతని భార్య ఏడుస్తూ పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. పెద్దమ్మ కల కన్నాయన్ను పిలిపించింది.

"తెల్లబట్టలల్ల జూసినవ్. మంచిది. లేసినంక ఏం జేసినవ్?"

"చెప్పిన పెద్దమ్మా. జాగ్రత్త అని చెప్పిన."

"చెప్పుడు పనా? కల ఎవనికొచ్చింది, ఆనికా నీకా?"

"నాకే."

"నీకొస్తె పని నీది. ఆన్ని నీ బండి మీద తీస్కపోయి మిషను కాడ దించు. సాయంత్రం తీస్కరా. ఆని భయం పోయేదాక."

పాపం, ఆయన దాదాపు నెలరోజులు దించాడు. తర్వాత ఆయనకు కలలు రావడం బాగా తగ్గిందని చర్చిలో నవ్వుకునేవాళ్లం. నేనూ నవ్వాను. నా వంతు వచ్చేదాకా.

మాది ఉప్పల్లో పాత కుటుంబం. ఇప్పుడు అపార్టుమెంట్లున్న చోట ఒకప్పుడు మా నాన్న జొన్న వేసేవాడు. ఇంట్లో ముందుగా బాప్తిస్మం తీసుకున్నది నేను. అన్న మా దేవుళ్లను వదల్లేదు, నన్ను ఏమీ అనలేదు కూడా. నాన్న చివరి రోజుల్లో నాతో చర్చికి రావడం మొదలుపెట్టాడు. ఒక ఆదివారం తనంతట తానే బాప్తిస్మం అడిగాడు. ఆ రోజు నేను పొందిన సంతోషం నా పెళ్లినాడు కూడా పొందలేదు. తర్వాత ఆరు నెలలకు దవాఖానాలో పోయాడు.

పాస్టరు గారు శవపెట్టె తీసుకుని ట్రాలీ ఆటోలో వచ్చారు. పాలివాళ్లంతా పాడె కడుతున్నారు. దహనమే చేస్తానని అన్న అడ్డం నిలబడ్డాడు. నాన్న మొహం మీద గుడ్డ కూడా కప్పకముందే ఇద్దరం అనకూడని మాటలన్నీ అనుకున్నాం. నేనే ఎక్కువ అన్నాను. అన్న ఒకే మాట మళ్లీ మళ్లీ అన్నాడు: "నేను జేస్త, నువ్వడుగకు." చివరికి అతని మాటే నెగ్గింది. ఖాళీ పెట్టెతో ఆటో తిరిగిపోతుంటే నేనూ అందులోనే ఎక్కి కూర్చున్నాను. నాన్న చితి దగ్గరికి వెళ్లలేదు. ఆ రోజు నుంచి ఆరేళ్లు అన్న గడప తొక్కలేదు. అన్న పీర్జాదిగూడకు మారిపోయాడని కూడా బయటివాళ్లు చెబితేనే తెలిసింది.

ఆ ఆరేళ్ల చివర్న నాకు కల వచ్చింది. మా చర్చి మెట్ల కింద అందరూ విడిచిన చెప్పుల మధ్య నాన్న వంగి తన చెప్పులు వెతుక్కుంటున్నాడు. పైన పాట వినబడుతోంది. చెప్పులు దొరకవు, మెట్లెక్కడు, బయటికి పోడు. తలెత్తి నా వైపు చూశాడు. అంతే.

లేవగానే నాకు అర్థం తెలిసిపోయిందనుకున్నాను. నాన్నను కాల్చారు గనక లోపలికి రాలేకపోతున్నాడు. దానికి కారణం అన్న. ప్రభువు నాకు న్యాయం చూపించాడు. ఆదివారం సాక్ష్యంలో చెప్పాలని మాటలు కూడా కూర్చుకున్నాను, వాటిలో రెండు మూడు చాలా బాగా కుదిరాయి. ఆనవాయితీ ప్రకారం శనివారం పెద్దమ్మ దగ్గర కూర్చుని, కట్ట ఒళ్లో వేసుకుని, అంతా చెప్పాను.

ఆమె కళ్లజోడు భుజంతో నెట్టుకుంది. "లేసినంక ఏం జేసినవ్?"

"రేపు సాక్ష్యం చెప్దామనుకుంటున్న పెద్దమ్మా. మా అన్న తెలిసినోళ్లు శానమంది ఉన్నరిక్కడ. ఆయన చెవిల పడ్తది."

"కల మీ అన్నకొచ్చిందా?"

నేను వంగి ఆకు తెంపసాగాను.

"నీకొచ్చింది. నువ్వు పో."

"పోయి ఏం జెప్పాలె?"

"ఏం జెప్పకు. కల అసలే జెప్పకు. అన్నం పెడితె తిను. పెట్టకపోతె అడుగు."

నేను పోలేదు. మరుసటి శనివారం ఆమె అదే ప్రశ్న అడిగింది, ఆఫీసులో ఆడిట్ అని చెప్పాను. ఆ పై శనివారం వదినకు నేనంటే పడదన్నాను. మూడో శనివారం నేను నోరు తెరవకముందే ఆమె వంగి, నా ఒళ్లోంచి కట్టనూ నేను తెంపిన ఆకునూ తీసేసుకుంది.

"రేపు అందరి కంచాలల్ల వడేది. నీ చేతి ఆకు నాకొద్దు."

గట్టిగా కూడా అనలేదు. తెంపిన ఆకును విడిగా పక్కకు పెట్టి తన పనిలో పడింది. పక్కనున్నవాళ్లు తలలు వంచుకున్నారు. నాకు అవమానమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఆ కోపంతోనే బస్సెక్కి ఉప్పల్లో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో పీర్జాదిగూడ పోయాను. అడ్రసు ఇద్దర్ని అడగాల్సి వచ్చింది. సొంత అన్న ఇంటికి.

తలుపు తీసింది వదిన. "ఏమయ్యా, తొవ్వ దొరికిందా?" అని లోపలికి జరిగింది. అన్న బనీనుతో కూర్చుని టీవీ చూస్తున్నాడు. జుట్టంతా తెల్లబడింది. టీవీ గొంతు తగ్గించి, "ఏమొచ్చినవ్?" అన్నాడు.

"ఊకెనే."

"తిన్నవా?"

"లేదు."

వదిన కంచం పెట్టింది. అన్న ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నేను నాలుగు ముద్దలు తిన్నాక, ఎవరూ ఏమీ అడక్కుండానే మొదలుపెట్టాడు.

"నాయినే అన్నడురా. దవాఖానల ఉన్నప్పుడు, ఒక పగటేల. 'పెద్దోడా, మీ అమ్మను యాడ కాల్చిన్రో నన్ను ఆడికే తీస్కపో. ఆమె ఒక్కతే ఉన్నది' అన్నడు. మరి తమ్మునికి ఏం జెప్పాలె అంటె, 'ఆనికి జెప్పకు. నేను దేవుని ఇడిసిపెట్టిన అనుకుంటడు. నేను ఇడువలే. ఆనికి సమజ్ కాదు' అన్నడు."

"అప్పుడే చెప్తె అయిపోతుండె గదన్నా."

"మాటిచ్చిన. గదీగాక, నువ్వు నన్ను తిడ్తె తిట్టినవ్. నాయిన్ను తిట్టుకోవద్దు గద."

మాటిచ్చినవాడు మరి ఇప్పుడెందుకు చెప్పాడో నేనడగలేదు. ఆరేళ్ల తర్వాత తమ్ముడు వచ్చి అన్నం తింటుంటే ఆగలేకపోయి ఉంటాడు. నేను ఏడ్చాను. నలభై ఆరేళ్ల మనిషిని, పప్పు కలిపిన చేత్తో, ఎక్కెక్కి ఏడ్చాను. "కంచం ముంగట ఏడువకు" అని అన్న నా వీపు మీద చెయ్యి వేశాడు. వదిన ఇంకో గరిటె అన్నం పెట్టింది.

ఆ పై శనివారం పెద్దమ్మ ఏమీ అడక్కుండానే నా ఒళ్లో కట్ట వేసింది. జరిగిందంతా చెప్పాను. వింటూ వింటూ ఆకు తెంపడం ఆపేసింది. ఆమె చేతులు ఊరికే ఉండగా నేను చూడటం అదే మొదలు.

"మరి ఆ కలకు అర్థమేంది పెద్దమ్మా? చెప్పులెందుకు దేవులాడుకున్నడు?"

"ఇంక అర్థమడుగుతున్నవా? పోయొచ్చినవ్ గద."

అక్కడితో ఆగాల్సింది. కాని నన్ను లోపల తొలిచేది ఇంకొకటుంది. నాన్న కావాలనే దహనం కోరుకున్నాడు. బాప్తిస్మం పొందినవాడు. కొండంత నమ్మకం పెట్టుకున్న నాకు తెలియకుండా కోరుకున్నాడు. గొంతు తగ్గించి అడిగాను.

"నాయిన లోపటున్నడా పెద్దమ్మా, బయటనా?"

ఆమెకు తెలియనిది ఏదైనా ఉందని అప్పటిదాకా నేననుకోలేదు.

"నాకేమెర్క బిడ్డా. నేను ఆకు తెంపేదాన్ని." మళ్లీ కట్ట అందుకుంది. "మీ అన్న దేవుని ఎరుగనోడాయె నీ లెక్కల. ఆరేండ్లు నీ తిట్లు మోసిండు, నాయిన మీద మాట రానియ్యలే. గసొంటి కొడుకును కన్నోన్ని దేవుడు బయట నిలవెడ్తడా? నువ్వైతె నిలవెడ్తవా?"

పెట్టనన్నాను.

"నీకన్న ఆయన నయమే ఉంటడు" అంది.

ఏడాది తిరక్కుండానే పెద్దమ్మ పోయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రసంగంలో గోడకు ఒరిగి నిద్రపోయింది, ముగింపు ప్రార్థనకు లేవలేదు. అందరూ నిద్రే అనుకున్నారు. గురక వినబడ్డం లేదని ముందు గమనించింది పాస్టరు గారు. ఆయన మైకు కింద పెట్టి ఆమె దగ్గరికి వెళ్లారు.

అన్నకు ఫోన్ చేసి రాత్రికి రాలేనని చెప్పాను. అప్పటికి ఆదివారం రాత్రి భోజనాలు అతనింట్లోనే అలవాటయ్యాయి. ఎందుకు రావని అడిగితే సంగతి చెప్పాను.

"ఎవరు, నిన్ను మా ఇంటికి తోలిచ్చినామెనా?"

"ఆమెనే."

"నేనొస్త."

మరునాడు సమాధుల తోటకు అన్న తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. నుదుటి బొట్టు అలాగే ఉంది. చెప్పులు ఎక్కడ విడవాలో, చేతులు ఎలా పెట్టుకోవాలో తెలియక ఒక పక్కగా నిలబడ్డాడు. లేతు మిషను ఆయన, ఆయన్ని బండి మీద దించినాయన, ఇద్దరూ కలిసి తాళ్లు పట్టి పెట్టె దించారు. పాస్టరు గారు ప్రార్థన చేసి, ఒక్కొక్కరినీ వచ్చి మట్టి వెయ్యమన్నారు. వరస మా దాకా వచ్చింది.

అన్న వెనక్కి తగ్గి, "మీ దాంట్ల నేనెయ్యొచ్చునా?" అని నన్ను మెల్లగా అడిగాడు.

నేను వంగి రెండు చేతుల నిండా మట్టి తీసి, అతని చేతుల్లో పోశాను.

"పెద్దోనివి. ముందు నువ్వెయ్యన్నా."